గ్లూటెన్ పడనివాళ్లు బెంగళూరులో ఇల్లు, వంట, బయటి తిండి సర్దుకోవడం ఎలా

"గోధుమ పడదంట, ఇంక ఏం తినాలక్కా?" అని ఫోను చేసేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. చాలామంది మావైపువాళ్లే. అనంతపురం, కడప, చిత్తూరు నుంచి వచ్చి మారతహళ్లిలోనో, విజయనగరలోనో, ఎలక్ట్రానిక్ సిటీలోనో ఉంటున్నవాళ్లు. ఫోన్లో ముక్కముక్కలుగా చెప్పే బదులు అంతా వరుసగా రాస్తున్నాను. నాకు సీలియాక్ (గోధుమ, బార్లీ లాంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీను తింటే చిన్నపేగు దెబ్బతినే జబ్బు) అని తేలి ఆరేళ్లయింది. నేను డాక్టర్‌ను కాను. పరీక్షలు, మందుల మాట వచ్చినచోట మీ డాక్టరు చెప్పిందే వినండి.

"మనం అన్నం తినేవాళ్లమే కదా, చపాతీ మానేస్తే సరిపోయె" అని అందరూ అంటారు. నేనూ అలాగే అనుకుని నాలుగు నెలలు గడిపాను. రక్తపరీక్షలో అంకె పెద్దగా కదల్లేదు. చపాతీ కంటికి కనబడుతుంది కాబట్టి మానేస్తాం. పోపులో ఇంగువ, హోటలు పెనం, పిండి మర కనబడవు. అందుకే కింద ఎక్కువ చోటు వాటికే ఇచ్చాను.

1. ముందు పరీక్ష, ఆ తర్వాతే మానడం

గోధుమ మానేశారు, పదిరోజుల్లో కడుపు తేలికపడింది, అప్పుడు పరీక్షకు వెళ్లారు, రిపోర్టు నార్మల్ వచ్చింది. ఈ కథ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. రక్తపరీక్ష చూసేది గ్లూటెన్ తిన్నప్పుడు ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను. తినడం మానితే అవి తగ్గుతూ పోతాయి, జబ్బు ఉన్నా దొరకదు.

వరుస ఇది:

- మామూలుగా తినేది తింటూనే గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్లండి.
- పైన చెప్పిన యాంటీబాడీ పరీక్ష పేరు టీటీజీ ఐజీఏ. దాంతో పాటు టోటల్ ఐజీఏ కూడా రాయమని అడగండి. కొందరికి ఒంట్లో ఐజీఏ అనే రకం యాంటీబాడీలు పుట్టుకతోనే తక్కువ. అలాంటివాళ్లకు మొదటి పరీక్ష ఒక్కటే చేస్తే జబ్బు లేనట్టు చూపిస్తుంది.
- అంకె ఎక్కువ వస్తే, లేక డాక్టరుకు అనుమానం ఉంటే, ఎండోస్కోపీ చేసి చిన్నపేగు మొదటి భాగం నుంచి చిన్న ముక్కలు తీస్తారు. భయపడేంత పనికాదు.
- సీలియాక్ అని తేలితే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలకు కూడా పరీక్ష చేయించాలి. వాళ్లకు ఏ బాధా లేకపోయినా సరే.

ఇప్పటికే మానేసి ఉంటే డాక్టరు మళ్లీ కొన్ని వారాలు తినమనవచ్చు, మామూలుగా ఆరు వారాల దాకా. అది మీ అంతట మీరు మొదలుపెట్టకండి. తినలేని స్థితిలో ఉంటే హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2, డీక్యూ8 అనే జన్యుపరీక్ష ఉంది. ఆ రెండు జన్యువులూ లేకపోతే సీలియాక్ దాదాపు లేనట్టే. ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు.

"ఒక్క రక్తం చుక్కతో వంద ఆహారాలకు టెస్ట్" అని అమ్మే ఐజీజీ (ఇంకో రకం యాంటీబాడీ) ప్యాకేజీలకు డబ్బు పెట్టకండి. మీరు ఏం తింటున్నారో తప్ప ఏం పడదో అవి చెప్పవు.

రిపోర్టు చేతికొచ్చాక మీరు ఈ మూడింటిలో ఎక్కడున్నారో స్పష్టంగా అడిగి తెలుసుకోండి, ఎందుకంటే పథ్యం ఎంత గట్టిగా ఉండాలో దాన్నిబట్టే.

- సీలియాక్: రవ్వంత కూడా కూడదు, జీవితాంతం. ఏ బాధా తెలియకపోయినా పేగు లోపల దెబ్బతింటుంది.
- గోధుమ ఎలర్జీ: దద్దుర్లు, గొంతు వాపు, ఊపిరాడకపోవడం. ఇది వేరే జబ్బు, గోధుమ ఒక్కదానికే. అత్యవసర మందు దగ్గర ఉంచుకోవాలో లేదో ఎలర్జీ డాక్టరు చెబుతారు.
- సీలియాక్ కాని గ్లూటెన్ అసహనం: దీనికి పరీక్ష లేదు. మిగతా రెండూ కావని తేలాక కొన్నాళ్లు మాని, మళ్లీ తిని చూసి నిర్ణయిస్తారు. కొందరికి అసలు పడనిది గ్లూటెన్ కాదు, గోధుమలోని ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థం. ఉల్లి, వెల్లుల్లి తిన్నా కడుపు ఉబ్బుతుంటే ఈ మాట డాక్టరుతో అనండి.

దక్షిణాదిలో సీలియాక్ ఉత్తరాదికంటే బాగా తక్కువ. అందుకే ఇక్కడ ఎవరికీ ముందుగా తట్టదు. నేను మూడేళ్లు ఐరన్ మాత్రలు మింగాను, రక్తం పెరగలేదు. పేగు ఐరన్‌ను లోపలికి తీసుకోవడం లేదన్న సంగతి నాలుగో ఏట తెలిసింది. మాత్రలకు లొంగని రక్తహీనత ఉంటే మీరే నోరు తెరిచి అడగండి.

2. రవ్వ అంటే ఏ రవ్వ? పేర్ల గందరగోళం తీర్చుకోండి

గ్లూటెన్ ఉండేది గోధుమ, బార్లీ, రై అనే మూడు ధాన్యాల్లో. రై మన ఊళ్లో తినం. బార్లీ మాత్రం మాల్ట్ రూపంలో వస్తుంది, దాని సంగతి తర్వాత.

గోధుమకు మన వంటింట్లో ఉన్నన్ని మారుపేర్లు ఇంకో గింజకు లేవు. ఈ జాబితా ఫ్రిజ్ మీద అంటించండి.

మానాల్సినవి:
- గోధుమపిండి, మైదా, గోధుమ నూక
- బొంబాయి రవ్వ, ఉప్మా రవ్వ, సూజీ (మూడూ ఒకటే)
- బన్సీ రవ్వ, చిరోటి రవ్వ (బెంగళూరు అంగళ్లలో ఎక్కువ)
- జవె గోధి. షుగర్‌కు మంచిదని అమ్ముతారు. పాతరకం గోధుమే, గ్లూటెన్ ఉంటుంది.
- సేమియా. రాగి సేమియా, మిల్లెట్ నూడుల్స్ ప్యాకెట్లలో కూడా చాలావాటిలో గోధుమపిండి కలుపుతారు.
- బార్లీ నీళ్లు, బార్లీ జావ

తినగలిగినవి:
- బియ్యం, అటుకులు, బొరుగులు, ఇడ్లీ రవ్వ (ఇది బియ్యపు రవ్వ, కన్నడంలో అక్కి తరి)
- రాగులు, జొన్నలు, సజ్జలు, కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, అండుకొర్రలు
- మొక్కజొన్న, సగ్గుబియ్యం, రాజ్‌గిరా (తోటకూర జాతి గింజలు), కుట్టు పిండి (బక్‌వీట్, గోధుమ కాదు)
- పప్పులన్నీ, శెనగపిండి, చెనిగ్గింజలు (వేరుశెనగలు), పాలు, పెరుగు, గుడ్లు, మాంసం, చేపలు, కూరగాయలు, పండ్లు

ఓట్స్‌లో గ్లూటెన్ లేదు కానీ పొలంలో, మరలో గోధుమ కలుస్తుంది. 'గ్లూటెన్ ఫ్రీ' అని రాసిన ఓట్స్ కూడా కొద్దిమంది సీలియాక్‌లకు పడవు. మొదటి ఏడాది వాటి జోలికి పోకండి. ఓట్స్ లేకపోతే గడవని ఇల్లు మనది కాదు.

3. ఇంగువ

నేను నాలుగు నెలలు పోగొట్టుకున్నది ఇక్కడే.

అంగట్లో దొరికే ఇంగువ అచ్చమైన ఇంగువ కాదు. అసలు ఇంగువ బంక ఘాటు చాలా ఎక్కువ. అందుకే దాన్ని పిండిలో, తుమ్మజిగురులో కలిపి మెత్తబరిచి అమ్ముతారు. ఆ పిండి చాలా డబ్బాల్లో గోధుమపిండో మైదానో. డబ్బా వెనక 'కాంపౌండెడ్ అసఫోటిడా' అని, దాని కింద 'వీట్ ఫ్లోర్' అనో 'ఎడిబుల్ ఫ్లోర్' అనో ఉంటుంది. ఏ పిండో చెప్పకుండా రాస్తే గోధుమే అనుకోండి.

మా ఇంట్లో పప్పు, చారు, చిత్రాన్నం, మజ్జిగ, అన్నింట్లోనూ ఇంగువ పడేది. చపాతీ మానాను, రోజుకు మూడుపూటలా ఇంగువ తిన్నాను.

చిటికెడే కదా అనకండి. సీలియాక్ ఉన్నవాళ్లకు రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ కొన్ని నెలలపాటు తగిలితే పేగు దెబ్బతింటుందని తేలింది. ఒక బ్రెడ్ ముక్కలో దాదాపు 2 గ్రాములు ఉంటుంది. అంటే ఆ ముక్కలో నలభయ్యో వంతు చాలు.

ఏం చేయాలి:

- ఇంట్లో ఉన్న ఇంగువ డబ్బా ఎవరికైనా ఇచ్చేయండి. పక్కన పెట్టుకుంటే అలవాటుగా చేయి దానిమీదికే పోతుంది.
- బియ్యప్పిండితో చేసిన ఇంగువ కొనండి. డబ్బా మీద బియ్యప్పిండి అని రాసి ఉండాలి, అంగడాయన మాట చాలదు.
- లేదా ఇంగువ బంక కొని, పెసరగింజంత తుంచి నూనెలో వేయించి పొడి చేసుకోండి. ఘాటు ఎక్కువ, మామూలుగా వేసేదానిలో పావు వంతు చాలు.
- రెండూ దొరక్కపోతే వెల్లుల్లి, కరివేపాకు, జీలకర్రతో పోపు పెట్టండి. లోకం ఆగిపోదు.
- సాంబారు పొడి, రసం పొడి, పులియోగరె పొడి, బిసిబేళెబాత్ పొడి, కొన్న ఆవకాయ, అప్పడాలు: వీటన్నింట్లో ఇంగువ ఉండొచ్చు. ప్రతి ప్యాకెట్ తిప్పి చూడండి. ఊరినుంచి అమ్మ పంపే పచ్చళ్లయితే అమ్మ వాడే ఇంగువ ఏదో అడగండి.

4. వంటిల్లు సర్దడం: ఒక శనివారం పని

పాత్రలన్నీ పారేయాలేమో అని చాలామందికి టెన్షన్. అక్కర్లేదు. స్టీలు, గాజు, కుక్కరు, ఇడ్లీ పళ్లాలు సబ్బుతో బాగా తోమితే చాలు. పిండి ఇరుక్కునేవే సమస్య.

మీకంటూ విడిగా కొనాల్సినవి:
- పెనం. చపాతీ, పరోటా కాల్చిన ఇనప పెనం రంధ్రాల్లో పిండి మాడి ఉంటుంది.
- జల్లెడ. ఎంత కడిగినా పోదు.
- చపాతీ పీట, అప్పడాల కర్ర, కొయ్య గరిటెలు
- టోస్టర్ (ఉంటే), గిన్నెలు తోమే పీచు

గ్రైండరు సంగతి మరిచిపోతారు. వెట్ గ్రైండర్‌కు చపాతీపిండి కలిపే అమరిక తగిలించి వాడుతుంటే, అదే డ్రమ్ములో దోసెపిండి రుబ్బితే గోధుమ కలుస్తుంది. ఆ అమరిక తీసేయండి, లేదా పిండి చేత్తో కలపమనండి.

ఇంట్లో మిగతావాళ్లు గోధుమ తింటుంటే:

- మీ సరుకులు పై అరలో, గోధుమపిండి కింది అరలో. పొడి రాలేది కిందికే.
- నెయ్యి, వెన్న, జాం, పచ్చడి మీకు వేరే సీసాలు. చపాతీ తిన్న చేత్తో, అదే చెంచాతో ముంచేస్తారు. నా సీసాలకు ఎర్ర రబ్బరుబ్యాండు వేశాను. మా ఆయనకు మూడు వారాలు పట్టింది గుర్తు పెట్టుకోవడానికి.
- ముందు మీ వంట, ఆ తర్వాత చపాతీలు. గోధుమపిండి జల్లించేటప్పుడు గాల్లో లేచి పక్క గిన్నెలో పడుతుంది, మూతలు పెట్టండి.

పిల్లలున్న ఇంట్లో రెండు రకాల వంట నడపడం కష్టమనిపిస్తే రాత్రిపూట ఇంటిల్లిపాదీ రొట్టె, సంగటి తినండి. మా ఇంట్లో చివరికి జరిగింది అదే. చపాతీ ఇప్పుడు ఆదివారాలే.

5. సరుకులు, లేబుళ్లు, మర

లేబులు చదివే వరుస ఇది. ముందు ఎలర్జీ వాక్యం చూడండి. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు వాడితే ఆ సంగతి ప్యాకెట్ మీద విడిగా చెప్పాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధన ఉంది. 'కంటెయిన్స్ వీట్' అని ఉంటే అక్కడితో ఆపి పెట్టేయండి. లేకపోతే పదార్థాల జాబితా మొత్తం చదవండి.

ఆగి చూడాల్సిన మాటలు: వీట్, సెమోలినా, మైదా, రిఫైన్డ్ ఫ్లోర్, బార్లీ, మాల్ట్, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, ఎడిబుల్ ఫ్లోర్, కాంపౌండెడ్ అసఫోటిడా, సోయా సాస్.

మాల్ట్ అంటే ఎక్కువగా బార్లీ మొలకల నుంచి వచ్చేది. హార్లిక్స్, బూస్ట్, బోర్న్‌విటా లాంటి పొడుల్లో, చాలా కార్న్‌ఫ్లేక్స్‌లో ఉంటుంది. 'రాగి మాల్ట్' ఒక్కటే చిక్కు: ఇంట్లో మొలకెత్తిన రాగులతో చేస్తే నిక్షేపంగా తాగొచ్చు, కొన్న ప్యాకెట్‌లో గోధుమ, బార్లీ కలిపి ఉండొచ్చు. హెల్త్ మిక్స్‌లూ అంతే.

'గ్లూటెన్ ఫ్రీ' అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదు. 'లో గ్లూటెన్' అంటే 20 నుంచి 100 దాకా, అది సీలియాక్ వాళ్లకు కాదు. 'వీట్ ఫ్రీ' అంటే గోధుమ లేదని మాత్రమే, బార్లీ ఉండొచ్చు. 'మల్టీగ్రెయిన్', 'రాగి బ్రెడ్', 'జొన్న బిస్కెట్' అనేవాటిలో మొదటి పదార్థం మైదానో గోధుమో అయి ఉండటమే ఎక్కువ.

ఇక మర. వీధి చివర పిండి మరలో మీ ముందు ఎవరో గోధుమలు ఆడించుకుని ఉంటారు. ఆ రాళ్లలో, గొట్టంలో మిగిలింది మీ రాగిపిండిలోకే వస్తుంది. పిడికెడు బియ్యం వేసి కడిగేస్తామంటారు, అది చాలదు. మూడు దారులున్నాయి:

- మిరపపొడి, బియ్యప్పిండి మాత్రమే ఆడే మర వెతకండి. పాత పేటల్లో దొరుకుతాయి.
- బలమైన మిక్సీలో కొంచెం కొంచెంగా ఇంట్లోనే పట్టండి. రాగులు, జొన్నలు కడిగి ఆరబెట్టి పడితే మెత్తగా వస్తుంది. మీ సొంత జల్లెడతో జల్లించండి.
- నెలకు ఎక్కువ పిండి వాడే ఇల్లయితే చిన్న ఇంటి మర కొనుక్కోండి. మా ఇంట్లో ఫ్రిజ్ తర్వాత ఎక్కువ పనిచేసే యంత్రం అదే.

గాంధీబజారులోనో యశవంతపురలోనో విడిగా పోసి అమ్మే గింజలు కొంటే ఇంటికొచ్చాక చేటలో పోసి ఏరండి. కొర్రల్లో, మినుముల్లో గోధుమగింజ ఒకటో రెండో కనబడటం మామూలే. ఏరి, రెండుసార్లు కడిగి వాడండి. విడిగా అమ్మే పిండి మాత్రం కొనొద్దు. పిండిని ఏరలేం.

6. మొదటి రెండు వారాలు ఏం తినాలి

కొత్త వంటలు నేర్చుకోకండి. చిన్నప్పటి నుంచి తింటున్నవాటిలో గోధుమ లేనివే తినండి. గ్లూటెన్ ఫ్రీ కేకులు, పాస్తాల వేట మూడో నెలలో పెట్టుకోవచ్చు. అప్పటికి అక్కర్లేదనిపిస్తుంది కూడా.

- పొద్దున: ఇడ్లీ, దోసె, పెసరట్టు, ఉగ్గాని, అటుకుల ఉప్మా, బియ్యపు రవ్వ ఉప్మా, పొంగలి
- మధ్యాహ్నం: అన్నం, పప్పు, ఆకుకూర, పెరుగు. మాంసాహారులకు కోడికూర, చేపల పులుసు, కారప్పొడులు ఇంట్లో దంచినవయితే.
- సాయంత్రం: వేయించిన చెనిగ్గింజలు, బొరుగులు, అరటిపండు, ఉడికించిన గుడ్డు
- రాత్రి: రాగిసంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం

మూడుపూటలా తెల్లన్నమే తింటే మలబద్ధకం వస్తుంది, ఆకలీ ఆగదు. అలాగని మొదటిరోజే కొర్రలు, సామలు, రాగులు అన్నీ మొదలుపెడితే గ్యాసు. ముందు ఒక పూట రాగి, పదిరోజుల తర్వాత ఒక పూట జొన్న. కొర్రలు రాత్రి నానబెట్టి వండితే సులువుగా అరుగుతాయి.

పాలు తాగితే కడుపు ఉబ్బుతోందా? పేగు దెబ్బతిన్నప్పుడు పాలలోని లాక్టోస్‌ను అరిగించే శక్తి కొన్నాళ్లు తగ్గుతుంది. పెరుగు, మజ్జిగకు మారండి. పేగు మానేకొద్దీ చాలామందికి పాలు మళ్లీ పడతాయి.

7. రొట్టె చేయి తిరగడం

గోధుమపిండి సాగేది గ్లూటెన్ వల్లే. జొన్నపిండిలో అది లేదు, అందుకే చన్నీళ్లతో కలిపితే పగులుతుంది. వేడినీళ్లు పోస్తే పిండి ఉడికి జిగురొస్తుంది. కిటుకంతా అదే.

- ఒక గ్లాసు నీళ్లు తెర్ల కాగనివ్వండి, ఉప్పు వేయండి, మంట ఆర్పండి.
- ఒక గ్లాసు జొన్నపిండి పోసి గరిటె కాడతో తిప్పి, మూతపెట్టి ఐదు నిమిషాలు ఆగండి.
- చేయి తడుపుకుంటూ, వేడిగా ఉండగానే మడిచి మడిచి పిసకండి. ఉండ చేసి నొక్కితే అంచు పగలకూడదు. పగిలితే ఇంకా పిసకాలి.
- నిమ్మకాయంత ఉండతో మొదలుపెట్టండి. పొడి జొన్నపిండి చల్లి వేళ్లతో తట్టండి.
- పిండి అంటిన వైపు పైకి ఉండేలా బాగా కాగిన పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన నీళ్లు తుడవండి. తడి ఆరగానే తిప్పండి. రెండోవైపు కాలాక గుడ్డతో అక్కడక్కడా ఒత్తితే పొంగుతుంది.

తప్పులు, వాటికి విరుగుడు:
- ఎంత పిసికినా పగులుతోంది: పిండి పాతది. నెల దాటిన జొన్నపిండికి జిగురుండదు. తక్కువ తక్కువగా పట్టించండి.
- ఎత్తేటప్పుడు తెగుతోంది: పెద్దది చేస్తున్నారు. అరచేయంత చేయండి, నెల తర్వాత పెంచండి.
- చల్లారితే అట్టలా ఉంది: దించిన వెంటనే గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టండి.

తట్టడం అసలు రాకపోతే గ్లాసు పిండికి ఒక చెంచా ఇసబ్‌గోల్ పొట్టు కలిపి, పది నిమిషాలు ఆగి, రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య కర్రతో ఒత్తండి. మా అమ్మ చూస్తే నవ్వుతుంది గానీ ఆఫీసు డబ్బాకు పనికొస్తుంది.

8. బెంగళూరు హోటళ్లలో

దర్శినిలో (నిలబడి తినే చిన్న టిఫిన్ హోటలు) బోర్డు చూసి మూడు గుంపులు చేసుకోండి.

చూడగానే వద్దనాల్సినవి: రవా ఇడ్లీ, రవా దోసె, చౌచౌబాత్ (ఖారాబాత్, కేసరిబాత్ రెండూ రవ్వే), పూరీ, పరోటా, మద్దూరు వడ, గోళీబజె, మంగళూరు బన్స్, శావిగె బాత్, గోబీ మంచూరియా, పానీపూరీ, మసాలాపూరీ.

అడిగి తినాల్సినవి: ఇడ్లీ, తట్టె ఇడ్లీ, దోసెలు, అక్కిరొట్టి (బియ్యప్పిండి రొట్టె), రాగిముద్ద, జోళద రొట్టి (జొన్నరొట్టె), పెరుగన్నం. దోసె కరకరలాడటానికి పిండిలో రవ్వో మైదానో కలిపే చోట్లున్నాయి. జోళద రొట్టి తెగకుండా గోధుమపిండి కలిపేవాళ్లూ ఉన్నారు. ఉత్తర కర్ణాటక ఖానావళిలో (భోజన హోటలు) చేత్తో తట్టిన రొట్టె అయితే ధైర్యం ఎక్కువ, కానీ చపాతీలు అదే పెనం మీద కాలుస్తున్నారేమో చూడండి.

తెలియకుండా తగిలేవి: సాంబారులో ఇంగువ, ఉద్దినవడ (మినప గారె) వేసే నూనె (అందులోనే పూరీలు, బోండాలు వేగుతాయి), దోసె పెనం. ఒక హోటల్లో సెట్ దోసె తిని రెండురోజులు పడుకున్నాను. తర్వాత వెళ్లి నిలబడి చూస్తే, రవా దోసె తీసిన పెనం మీద నీళ్లు చల్లి చీపురుతో ఊడ్చి, అక్కడే సెట్ దోసె పోస్తున్నాడు. అతని తప్పేం లేదు, నేనే అడగలేదు.

కన్నడంలో అడగడానికి ఈ ఒక్క వాక్యం నేర్చుకోండి: "ఇదరల్లి గోధి, మైదా, రవె ఏనాదరూ ఇదెయా?" (ఇందులో గోధుమ, మైదా, రవ్వ ఏమైనా ఉన్నాయా?) గ్లూటెన్ అంటే ఎవరికీ అర్థం కాదు, గోధి అంటే అందరికీ తెలుసు. ఎలర్జీ అనే మాట కూడా జోడించండి. వైద్యపరంగా సరైన మాట కాకపోయినా వంటవాళ్లు జాగ్రత్తపడతారు.

ఆంధ్రా మెస్‌లో అన్నం, నెయ్యి, వేపుడు కాని కూర, పెరుగు దాకా ఫరవాలేదు. పప్పులో, చారులో ఇంగువ వేశారా అని వంటాయన్నే అడగాలి, వడ్డించే అబ్బాయి "లేదు మేడం" అనేస్తాడు. చికెన్ 65, చిల్లీ చికెన్ లాంటివాటిలో మైదా, సోయా సాస్ ఉంటాయి, వద్దు. పన్నెండు గంటలకు తెరవగానే వెళ్తే నూనె కొత్తది, వంటాయనకు మాట్లాడే తీరికా ఉంటుంది.

ఫిల్టరు కాఫీకి భయం లేదు, చికోరీలో గ్లూటెన్ ఉండదు. బీరు బార్లీది, ఇక్కడి పబ్‌లలో గోధుమ బీరు కూడా పోస్తారు. రెండూ కూడవు.

9. పీజీలో, ఆఫీసులో

పీజీ వంటింటిని మీరు మార్చలేరు. చిన్న కరెంటు కుక్కరు, ఒక డబ్బా బియ్యం, పెసరపప్పు, ఊరినుంచి శెనగల పొడి, నెయ్యి, మెస్ నుంచి పెరుగు. వారంలో సగం రోజులు దీంతో గడుస్తాయి. గది చూసేటప్పుడే కుక్కరు పెట్టుకోనిస్తారా అని అడగండి, తర్వాత అడిగితే ఒప్పుకోరు.

ఆఫీసు బ్యాగులో వేయించిన చెనిగ్గింజలు, బెల్లం ఎప్పుడూ ఉంచండి. పుట్టినరోజు కేకు ముందు ఖాళీ కడుపుతో నిలబడితే మనసు ఆగదు.

10. పండగలు, వ్రతాలు, పెళ్లిళ్లు

అన్నిటికంటే కష్టం ఇదే, ఎందుకంటే ఇక్కడ ఎదురుగా ఉండేది మనిషి. "ప్రసాదం వద్దనకూడదమ్మా, రవ్వంత నోట్లో వేసుకో" అంటుంది మేనత్త. సత్యనారాయణస్వామి వ్రత ప్రసాదం గోధుమ నూకతోనో బొంబాయి రవ్వతోనో చేస్తారు. అన్నవరం నుంచి విస్తరాకు పొట్లంలో వచ్చే ప్రసాదమూ గోధుమ నూకే. నేను చేతిలోకి తీసుకుని కళ్లకద్దుకుని మా ఆయన చేతిలో పెట్టేస్తాను. వాదన ఉండదు. మన ఇంట్లో వ్రతమయితే పంతులుగారిని ముందే అడిగి బియ్యపు రవ్వతో చేయించండి. మాకు చేయించినాయన వెంటనే సరేనన్నారు.

పిండివంటల్లో ఏది ఏమిటో:

- మామూలుగా భయంలేనివి: అరిసెలు, సున్నుండలు, పూతరేకులు, పరమాన్నం, ఉండ్రాళ్లు, పాలతాలికలు, సకినాలు, బియ్యప్పిండి మురుకులు
- అడగాల్సినవి: పూర్ణాలు (పైపూతలో మైదా కలుపుతారు కొందరు), గారెలు (నూనె), పులిహోర (ఇంగువ), బూందీ లడ్డు (శెనగపిండి ఎక్కడ పట్టించారో)
- వద్దు: ఓళిగలు, అంటే బొబ్బట్లు, కాజాలు, గవ్వలు, కజ్జికాయలు, రవ్వలడ్డు, కేసరి

పెళ్లికి వెళ్లేముందు ఇంట్లో కడుపునిండా తినండి. విస్తరిలో అన్నం, పెరుగు, అరటిపండు మొదట పెట్టించుకుని, "మిగతావి కడుపు బాగాలేదు" అనేయండి. పంక్తిలో కూర్చుని సీలియాక్ గురించి చెబితే పక్కనున్నవాళ్లందరూ ఒక్కో వైద్యం చెబుతారు.

11. పొరబాటున తిన్నప్పుడు

దానికి విరుగుడు మందు లేదు. గ్లూటెన్‌ను అరిగిస్తాయని అమ్మే ఎంజైము మాత్రలు నమ్ముకుని తినడం ఇంకా పెద్ద పొరబాటు. నీళ్లు, మజ్జిగ, మెత్తటి అన్నం తిని విశ్రాంతి తీసుకోండి. వాంతులు ఆగకపోయినా, నీరసం ముదిరినా ఆసుపత్రికి వెళ్లండి.

కోలుకున్నాక గత రెండురోజుల్లో తిన్నవన్నీ రాసి, కొత్తగా చేరిందేమిటో చూడండి. నా పుస్తకంలో దొరికినవి ఇవి: మారిన సాంబారు పొడి, మెడికల్ షాపులో ఇచ్చిన వేరే కంపెనీ మాత్ర, పక్కింటివాళ్ల గారెలు. మాత్రల్లో వాడే స్టార్చ్ దేనిదో షాపులో అడగండి. తెలియదంటే కంపెనీకి రాయొచ్చు.

12. మళ్లీ డాక్టరు దగ్గరికి

బాధలు కొన్ని వారాల్లోనే తగ్గుతాయి, పేగు మానడానికి మాత్రం నెలలు, పెద్దవాళ్లలో ఏళ్లు కూడా పడుతుంది. అందుకే బాగుందని మానేయకుండా పరీక్షలకు వెళ్లాలి.

- మొదట్లో: హీమోగ్లోబిన్, ఐరన్, బీ12, ఫోలేట్, డి విటమిన్, థైరాయిడ్. సీలియాక్‌తో పాటు థైరాయిడ్ సమస్య తరచుగా ఉంటుంది.
- ఆరు నెలలకు, ఏడాదికి: టీటీజీ. అంకె దిగుతుండాలి. దిగకపోతే మూడో నంబరు శీర్షిక మళ్లీ చదివి ఇల్లంతా వెతకండి.
- ఎముకల సాంద్రత పరీక్ష ఎప్పుడు చేయాలో అడగండి, ముఖ్యంగా ఆడవాళ్లు.
- ఏడాది గట్టి పథ్యం చేసినా బాధలు తగ్గకపోతే ఆ మాట డాక్టరుకు చెప్పండి. వేరే కారణం ఉండొచ్చు.

వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు, ఎండోస్కోపీ కాగితం, వాడుతున్న మాత్రల అట్టలు, మీరు రాసుకున్న తిండి పుస్తకం తీసుకెళ్లండి. ఇంట్లో వాడే ఇంగువ డబ్బా ఫోటో కూడా ఫోన్లో ఉంచుకోండి. డైటీషియన్ మొదట అడిగేది వంటింట్లో ఏముందనే.